పెరట్లో మామిడిలంక

ద్వీప జీవవైవిధ్య విభాగం అచ్చు వేసిన విస్తరణ పట్టికలో నలభై ఒక్క దీవులున్నాయి. అందులో పదకొండు గోదావరి లంకలు. పథకం వచ్చింది సముద్రంలోని దీవుల కోసం. కానీ దీవి అంటే ఏమిటో చెప్పే చోట "నాలుగు వైపులా నీళ్ళున్న భూమి" అని మాత్రమే రాశారు. ఉప్పునీళ్ళని రాయలేదు. అందుకని పథకం గోదావరికీ వచ్చింది.

పట్టికలో ముప్పై రెండో పేజీ పక్షిరెక్క సీతాకోకచిలుకది. ముందు రెక్కలు నలుపు, వెనక రెక్కలు పసుపు. రెక్కలు విప్పితే జానెడుంటుంది. ఈశ్వరి తీగ మీద తప్ప గుడ్లు పెట్టదు. ఆ పేజీలో ప్రతి దీవి పేరుకీ ఎదురుగా రెండు గడులున్నాయి: ఉంది, లేదు. మామిడిలంక ఎదురుగా "ఉంది" గడిలో టిక్కు పెట్టారు. రెల్లులంక ఎదురుగా "లేదు" గడిలో పెట్టారు. ఈ రెండు లంకల మధ్య గోదావరి పాయ వెడల్పు రెండు వందల గజాలు. ఆ ఏడాది పట్టికకి రాజధానిలో జ్ఞాపిక ఇచ్చారు.

జూన్ మొదటి సోమవారం గుబ్బల మంగాయమ్మ రేవు దాటి విభాగం కార్యాలయానికి వచ్చింది. ఆవిడది రెల్లులంక, వయసు యాభై ఎనిమిది. రేవులో కట్టిన బోర్డు మీద "అరుదైన జీవి కనబడినచో తెలియజేయుడు" అని ఉంది. తెలియజేయడానికి వచ్చింది.

"మా పెరట్లో ఈశ్వరి తీగ మీద పసుపు సీతాకోకలున్నాయండి. మీ బోర్డు మీద బొమ్మేశారే, అదే."

గుమాస్తా ఊరి పేరు అడిగి, పట్టిక తీసి, వేలు పెట్టి చూశాడు.

"రెల్లులంకలో లేవమ్మా."

"ఉన్నాయండీ. పొద్దున్న గేదెకి కుడితి పెడతంటే నెత్తి మీద వాలింది."

"వాలి ఉండొచ్చు. కానీ లేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"చూడలేదని రాసిచ్చి వెళ్ళండి."

"చూసినదాన్ని చూళ్ళేదని రాయడానికి రేవు దాటి రావాలేటండీ? ఆ మాట ఇంటికాడ కూచునే చెప్పుకునేదాన్ని కదా," అని మంగాయమ్మ వెళ్ళిపోయింది.

ఈ లోపల ఆవిడ మాటకి అర్జీ నంబరు పడింది. నంబరు పడ్డ కాగితాన్ని ఆపే అధికారం ఆ కార్యాలయంలో ఎవరికీ లేదు.

గురువారం సహాయ సంచాలకులు త్రివిక్రమరావు గారు, సర్వేయరు ఏసుబాబు రెల్లులంక వచ్చారు. మంగాయమ్మది మూడు గదుల పెంకుటిల్లు. వంటింటి తలుపు దాటి రెండు మెట్లు దిగితే పెరడు. పెరట్లో బోరింగు, లెట్రిను, ఈశ్వరి తీగ పాకిన పందిరి, ఆ పక్కన గేదె పాక ఉన్నాయి. గేదె పేరు కస్తూరి. చూడితో ఉంది, నెల రోజుల్లో ఈనాలి. కిందటేడు ఈనినప్పుడు దూడ కాలు మడతపడింది. మంగాయమ్మ సంతకి వెళ్ళి ఉంది. వచ్చేసరికి దూడ చచ్చిపోయింది. ఈసారి ఆవిడ సంత మానేసి, పాక దగ్గరే నులకమంచం వేసుకుంది.

త్రివిక్రమరావు గారు పందిరి కింద నిలబడి మూడు సీతాకోకచిలుకల్నీ ఏడు గొంగళిపురుగుల్నీ లెక్కపెట్టారు.

"అమ్మా, ఈ జీవి ఇక్కడ అనధికారికంగా నివసించుచున్నది."

"దానికి తెలీదండి."

"తెలియజేయవలసిన బాధ్యత విభాగానిది."

"ఆ లేదు కొట్టేసి ఉంది అని రాసుకుంటే పోదా బాబూ?"

త్రివిక్రమరావు గారు ఏసుబాబు వైపు చూశారు. ఏసుబాబు నేల వైపు చూశాడు.

"పట్టిక ఐదేళ్ళకొకసారి కమిటీ ద్వారా సవరించబడును. ఇంకా నాలుగేళ్ళ రెండు నెలల వ్యవధి ఉన్నది. అదియును గాక, జ్ఞాపిక పొందిన పట్టిక."

మర్నాడు ఒక బోర్డు వచ్చింది. దాని మీద "పక్షిరెక్క సీతాకోకచిలుకల అధికారిక ఆవాసం: మామిడిలంక, 200 గజాలు" అని రాసి బాణం గుర్తు వేశారు. చదవవలసినవి పైనించి వస్తాయి కనక బోర్డుని పందిరి మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పొద్దున్నే ఎండ తగలడానికి సీతాకోకచిలుకలు దాని మీద రెక్కలు పరుచుకుని కూచునేవి. "లక్షిత జీవులు సూచికను విరివిగా వినియోగించుకొనుచున్నవి" అని నివేదిక వెళ్ళింది. కానీ ఒక్కటీ మామిడిలంక వెళ్ళలేదు.

వాటిని పట్టి తీసుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. తీగ కొయ్యడానికీ ఒప్పుకోదు. పట్టిక మార్చడానికి కమిటీ ఒప్పుకోదు. సీతాకోకచిలుక, తీగ, పట్టిక పోగా మిగిలింది భూమి. జూన్ ఇరవైన ఉత్తర్వు వచ్చింది. త్రివిక్రమరావు గారు మెట్ల మీద నిలబడి స్వయంగా చదివారు.

"రెల్లులంక వాస్తవ్యురాలు గుబ్బల మంగాయమ్మ గారి పెరడు, వంటింటి మెట్లు మినహా, విస్తరణ పట్టికకు అనుగుణంగా ఇందుమూలముగా మామిడిలంకలో విలీనము చేయడమైనది. కావున సదరు జీవి మామిడిలంకలోనే ఉన్నట్లు భావించవలెను."

ఏసుబాబు రెండో మెట్టు కింద సున్నంతో గీత గీశాడు.

మంగాయమ్మ గీతని చూసింది. "అయితే నా గేదెక్కడున్నట్టండీ?"

"మామిడిలంకలో."

"బోరింగు?"

"మామిడిలంకలో."

"లెట్రిను?"

"అదియును మామిడిలంకలోనే."

"మరి నేను?"

"మీరు రెల్లులంక వాస్తవ్యులు. ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది."

"మరి మధ్యలో గోదారేదండీ?"

త్రివిక్రమరావు గారు ఉత్తర్వు తిరగేశారు. దాని గురించి రాయలేదు. ఏసుబాబు మ్యాపు మడత విప్పి చూసి, "ఉన్నట్టు భావించాలండి," అన్నాడు.

ఆ మాటని త్రివిక్రమరావు గారు ఉత్తర్వు కింద రాయించారు. దాంతో కొత్త ఇబ్బంది వచ్చింది. గోదావరి ఉంటే దాటడానికి పడవ ఉండాలి. ఒక దీవి నించి ఇంకో దీవికి వెళ్ళేవాళ్ళు రిజిస్టరైన పడవలో, లైఫ్ జాకెట్ వేసుకుని, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం అయిదుకీ మధ్య మాత్రమే ప్రయాణించాలని విభాగం నియమం. రెల్లులంకలో రిజిస్టరైన పడవ ఒక్కటే ఉంది. అది మల్లాడి పోతురాజుది.

పద్నాలుగు మంది మనుషులు తాటి దుంగల మీద దొర్లించి పోతురాజు పడవని రేవు నించి మంగాయమ్మ పెరట్లోకి తెచ్చారు. పడవ పొడవు పద్దెనిమిది అడుగులు. ఒక కొసని మెట్లకీ రెండో కొసని గేదె పాకకీ ఆనించారు. మెట్ల మీంచి పడవెక్కి, పడవలో నడిచి, పాక దగ్గర దిగాలి. పడవ కదలక్కర్లేదు. రేవులో పడవ లేదు కనక ఊళ్ళో జనం అవతలి ఒడ్డుకి వెళ్ళడానికి అరటి బోదెలతో తెప్ప కట్టుకున్నారు.

మొదటి రోజు ఎనిమిది గంటలకి మంగాయమ్మ కుడితి బాల్చీతో మెట్లు దిగింది. పోతురాజు గెడ పట్టుకుని పడవలో నిలబడి ఉన్నాడు.

"జాకెట్టేసుకో అక్కా."

"ఒరే పోతురాజూ, సిగ్గులేదంట్రా నీకు? మునగడానికి నీళ్ళేయిరా?"

"ఉన్నట్టు భావించాలంట."

"నువ్వు పడవవాడివని నేనూ భావించుకోవాల్సొచ్చేలా ఉంది."

"నన్ననకు. నా పడవ నీ పెరట్లో పడుంది. ఏడుపంటూ ఉంటే ముందు నేనేడవాలి. కూచో, కూచో. నడిపాయలో నిలబడకూడదు."

మంగాయమ్మ కూచుంది. పోతురాజు గెడని నేల మీద ఆనించి, కొంచెం ఆగి, "దిగు, మామిడిలంకొచ్చేసింది," అన్నాడు. తరవాత రిజిస్టరు తీశాడు. ప్రయాణికుల పేరు, ఎక్కిన దీవి, దిగిన దీవి, ప్రయాణ కారణం రాయాలి. మొదటి ప్రయాణానికి కారణం "గేదె" అని రాశాడు. రెండోదానికి "నీళ్ళు" అని రాశాడు. మూడోసారి ఎందుకని అడిగితే మంగాయమ్మ చెంబు చూపించి, "నీకెందుకురా?" అంది. "వ్యక్తిగతం" అని రాశాడు.

గీత మీద కెమెరా కూడా పెట్టారు. గీత దాటిన ప్రతిదాన్నీ అది ఫోటో తీసి నేరుగా హెడ్డాఫీసుకి పంపుతుంది. సీతాకోకచిలుకలు మామిడిలంక దాటి రావడం లేదని రుజువు చెయ్యడానికి పెట్టారు. రెండో రోజే ఒకటి వంటింటి కిటికీ మీద వాలింది. వంటిల్లు కూడా మామిడిలంకలో కలిసిపోతుందని భయపడి మంగాయమ్మ కిటికీ మూసేసి పొగలో వండుకుంది.

అయిదు తరవాత పెరట్లో ఉండకూడదు. మంగాయమ్మ ఉంది. గేదె ఎప్పుడు ఈనుతుందో దానికీ తెలీదు, నియమానికీ తెలీదు. పదకొండు రోజుల్లో పదకొండు నోటీసులొచ్చాయి. ఒక్కొక్క దానికీ ఒక ఫోటో జతచేశారు. ఒకదాంట్లో ఆవిడ చేతిలో బాల్చీ ఉంది, ఒకదాంట్లో గడ్డిమోపు ఉంది, మిగతా వాటిలో ఏమీ లేదు. అన్నిట్లోనూ వెనక గేదె ఉంది. పదకొండో నోటీసు కింద ఇంకో వాక్యం చేర్చారు: "మరియొక పర్యాయము నిషిద్ధ వేళలో గీత దాటినచో, సదరు గేదె మామిడిలంక బందెలదొడ్డికి తరలించబడును. విచారణ జూలై పన్నెండున."

పోతురాజు చదివి వినిపించాడు. మంగాయమ్మ నోటీసు మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ రోజు నించి అయిదు కాగానే ఇవతలికొచ్చి, రెండో మెట్టు మీద కూచుని, అక్కణ్ణించి గేదెని చూసేది.

జూలై పన్నెండున పదకొండు గంటలకి విభాగం మోటారు బోటు త్రివిక్రమరావు గారినీ ఏసుబాబునీ రేవులో దింపి వెళ్ళిపోయింది. మళ్ళీ మర్నాడు ఉదయం తొమ్మిదికి వస్తుంది. గోదావరికి ఎర్రనీరొచ్చి ఒడ్డున రెల్లు దుబ్బులు సగం మునిగాయి. వసారాలో విచారణ మొదలైంది. మధ్యలో భోజనానికి ఆపారు. మంగాయమ్మ రొయ్యల ఇగురు, గడ్డపెరుగు వడ్డించింది. విచారణ ఎదుర్కొంటున్న మనిషి ఇంట్లో భోంచెయ్యడం నియమాలకి విరుద్ధమా కాదా అని త్రివిక్రమరావు గారు ఏసుబాబుని అడిగారు. నిషేధం ఎక్కడా లేదని ఏసుబాబు చెప్పాడు. త్రివిక్రమరావు గారు రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. తరవాత పనసతొనలు పెడితే పదకొండు తిన్నారు.

అయిదింటికి పోతురాజు రిజిస్టరు మూసి పడవకి అడ్డంగా తాడు కట్టాడు. అయిదూ ఇరవైకి పాకలో గేదె అరిచింది. పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది.

మంగాయమ్మ వసారా నించి వంటింట్లోకి, వంటింట్లోంచి మెట్ల మీదకి వచ్చింది. కాలు గీత మీద పెట్టబోయింది.

"అక్కా!" అన్నాడు పోతురాజు. "పన్నెండో ఫోటో. తోలుకుపోతారు."

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. "ఒరే, కిందటేడూ ఇట్టాగే అరిచిందంటరా. పక్కోళ్ళు చెప్పారు. నేను లేను."

వంటింట్లోంచి అడుగుల చప్పుడైంది. త్రివిక్రమరావు గారు చెంబుతో వచ్చారు. నడక వేగంగా ఉంది.

"లెట్రిన్ ఎటువైపు?"

"మామిడిలంకలోనండి," అన్నాడు పోతురాజు.

త్రివిక్రమరావు గారు గీత వరకూ వచ్చి ఆగారు. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"తాడు విప్పు."

"అయిదు దాటిందండి."

"నేను సహాయ సంచాలకుణ్ణి."

"ఆయ్. 'ఏ హోదా గలవారైనను' అని తమరే రాశారండి. గోడకి అంటించారు."

"రిజిస్టరులో రాయకు."

"నేను రాయకపోయినా అది తీస్తదండి. నేరుగా హెడ్డాఫీసుకెళ్ళిపోద్ది. చేతిలో చెంబుతో సహా."

"ఏసుబాబూ! కెమెరా ఆపు."

"తాళం హెడ్డాఫీసులో ఉందండి."

"మినహాయింపు ఉత్తర్వు?"

"దానికి కార్యాలయం ముద్ర కావాలండి. ముద్ర బీరువాలో ఉంది. బీరువా అవతలి ఒడ్డున ఉంది."

"పక్కింట్లో?"

"పక్కిల్లు పావు మైలుంటదండి," అన్నాడు పోతురాజు. "రెల్లు దుబ్బుల్లోకి నీళ్ళొచ్చేశాయి."

త్రివిక్రమరావు గారు పావు మైలు గురించి ఆలోచించారు. కదలకుండా నిలబడ్డారు. పాకలో గేదె మళ్ళీ అరిచింది.

"బాబూ," అంది మంగాయమ్మ. "మీకూ నాకూ ఒకటే గీత అడ్డం. అది తీసెయ్యండి, ఇద్దరం ఎల్దాం."

"అమ్మా, పెరడు వెనక్కి వస్తే సీతాకోకచిలుక కూడా రెల్లులంకకి వస్తుంది. పట్టిక..."

"పట్టిక రేపటిదాకా ఆగుద్ది. ఇక్కడ రెండున్నాయి, రెండూ ఆగవు."

త్రివిక్రమరావు గారు చెంబు ఏసుబాబుకిచ్చి, జేబులోంచి పన్నెండో నోటీసు తీశారు. ముందుగానే సిద్ధం చేసి తెచ్చారు. మినహాయింపుకి ముద్ర కావాలి గాని రద్దుకి అక్కర్లేదు. దాన్ని తిరగేసి పడవ అంచు మీద పెట్టి రాశారు. "పెరడు విలీనము తక్షణమే రద్దు." పేరు రాయలేదు, పొడి సంతకం మాత్రం చేశారు. ఏసుబాబు సున్నం గీతని కాలితో చెరిపాడు. అప్పటికి మంగాయమ్మ పాకలో ఉంది. త్రివిక్రమరావు గారు కూడా పెరట్లో లేరు. అయిదూ నలభై ఒకటి అయింది.

ఈసారి కూడా దూడ కాలు మడతపడింది. మంగాయమ్మ గాజులు తీసి, చేతికి నూనె రాసుకుని, మోచేతి దాకా పెట్టి, కాలు సరిచేసింది. పోతురాజు గేదె తల పట్టుకున్నాడు. లెట్రిన్‌లోంచి వచ్చిన త్రివిక్రమరావు గారు పాక బయట కాసేపు నిలబడ్డారు.

"నేనేమైనా చెయ్యాలా?"

"ఆ గోనెసంచి ఇటందించండి."

అందించారు. ఆరూ పదికి దూడ నేల మీద పడి ముక్కు చీదింది. పెయ్యదూడ. మంగాయమ్మ గోనెతో దాని ఒళ్ళు తుడిచింది. తరవాత, "పాలు పిండేది రేపు. జున్ను మూడ్రోజులాగి వస్తే పెడతానండి," అంది.

పొద్దున్న త్రివిక్రమరావు గారు పట్టిక ముందు పెట్టుకుని పందిరి కింద కూచున్నారు. ముప్పై రెండో పేజీ తెరిచి ఉంది. పైన రెండు సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి.

"శాస్త్రీయ సర్వేలో రెల్లులంకలో లేదని తేలింది. తేలినదాన్ని ఏ ఆధారంతో కాదనగలం?"

పడవ కింద తాటి దుంగలు సర్దుతున్న పోతురాజు తలెత్తాడు. "ఏ సర్వే అండి? కిందటేడు ఏప్రిల్లోదా? ఆవేళ ఈ ఏసుబాబు సారు మామిడిలంక చూసుకుని మా రేవు అవతల గంటసేపు కూచున్నారంట. పడవ లేదు. మా మేనకోడలి పెళ్ళికి తీసుకుపోయాను. టీ తాగి, లేదని రాసుకుని ఎళ్ళిపోయారంట. లేంది సీతాకోక కాదండీ. నేను."

త్రివిక్రమరావు గారు ఏసుబాబు వైపు తిరిగారు.

"గడులు రెండేనండి," అన్నాడు ఏసుబాబు. "ఉంది, లేదు. వెళ్ళలేదు అనే గడి ఇవ్వలేదు."

పట్టిక సవరించడానికి కమిటీ కావాలి. కొత్త గడి చేర్చడానికీ కమిటీ కావాలి. పేజీ అడుగున గమనిక రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. త్రివిక్రమరావు గారు కలం తీసి రాశారు. రాసింది పైకి చదివారు.

"గమనిక: రెల్లులంకలో కనబడు పక్షిరెక్క సీతాకోకచిలుకలు మామిడిలంకకు చెందినవి. ప్రస్తుతము ప్రయాణములో ఉన్నవి."

"ఇక నా పెరటి జోలికి రారు కదండీ?" అంది మంగాయమ్మ.

"రాము. ప్రయాణికులకు ఆతిథ్యమిచ్చుటపై నిషేధము లేదు."

పద్నాలుగు మందీ వచ్చి పడవని దుంగల మీద దొర్లించి రేవులో దింపారు. మంగాయమ్మ వంటింటి కిటికీ తెరిచింది. తొమ్మిదింటికి మోటారు బోటు చప్పుడు వినిపించింది. త్రివిక్రమరావు గారు సంచీ భుజాన వేసుకుంటుంటే ఆవిడ తీగ దగ్గర్నించి పిలిచింది.

"బాబూ, ఒక్కసారి ఇటు రండి. ఇది ఆకు కింద గుడ్డు పెడతంది. ప్రయాణంలో ఉన్నవి ఇట్టా ఆగి గుడ్లు పెడతాయేటండీ?"

త్రివిక్రమరావు గారు రెండడుగులు వేసి ఆగిపోయారు. ఆకు వైపు చూడలేదు.

"ఆ ప్రశ్న దయచేసి లిఖితపూర్వకంగా అడక్కండమ్మా," అని రేవుకి నడిచారు.

బోటు బయల్దేరింది. సీతాకోకచిలుక ఒకటి దాని వెనకే మామిడిలంక వైపు సగం పాయ దాకా ఎగిరింది. అక్కడ తిరిగి, నీళ్ళ మీదుగా వెనక్కొచ్చి, మంగాయమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది. పోతురాజు తన పడవలో కూచుని చూస్తున్నాడు. రిజిస్టరు ఇంకా అతని దగ్గరే ఉంది. తెరిచి చివరి వరసలో రాశాడు. ప్రయాణికులు: సీతాకోక, ఒకటి. ఎక్కిన దీవి: రెల్లులంక. దిగిన దీవి: రెల్లులంక. ప్రయాణ కారణం: వ్యక్తిగతం.